నాలుగు చక్రముల పంపకము

మలుపు తిరుగుచున్న మోటారుకారు చక్రములు నాలుగింటిలో ఏ రెండును ఒకే దూరము నడువవు. వినుటకు చిన్నమాటయే గాని, ఇంజనునందు పుట్టిన శక్తిని నాలుగు చక్రములకును పంచవలెనని పూనుకొనిన యంత్రశిల్పులను నూరేండ్లకు పైగా వేధించినది ఇదియే. లెక్క వేసి చూతము. ముందిరుసునకును వెనుకిరుసునకును నడుమ 2.6 మీటర్ల ఎడమును, ఒక ఇరుసుమీది రెండు చక్రముల నడుమ 1.5 మీటర్ల ఎడమును గల మధ్యరకపు కారొకటి, వెనుకిరుసు నడిమిబిందువు 6 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తముమీద సాగునట్లుగా, నాలుగురోడ్ల కూడలిలో ప్రక్కవీథికి మలుగుచున్న దనుకొందము. ఆ పావువృత్తము పూర్తియగు నప్పటికి వెనుక లోపలి చక్రము 8.25 మీటర్లును, ముందు లోపలి చక్రము 9.2 మీటర్లును, వెనుక వెలుపలి చక్రము 10.6 మీటర్లును, ముందు వెలుపలి చక్రము 11.36 మీటర్లును నడచును. అన్నిటికన్న తక్కువ నడచినదానికిని అన్నిటికన్న ఎక్కువ నడచినదానికిని మూడు మీటర్లకు మించిన భేదము. అనగా సాధారణమైన టైరునకు ఒకటిన్నర చుట్టునకు కొంచెము తక్కువ. ఒక్క మలుపునకే ఇంత.

కళ్ళమునందు మేటికంబము చుట్టును బంతి తోలునపుడు, లోపలి యెద్దు ఉన్నచోటనే అడుగులు మార్చుచుండగా వెలుపలి యెద్దు పరుగువంటి నడక నడువవలసివచ్చుట చూచినవారికి ఇందులో వింత తోపదు. ఎద్దుల కాళ్ళు వేరువేరుగా నున్నవి గనుక అచ్చట చిక్కు లేదు. ఒకే ఇనుపయిరుసునకు బిగింపబడిన రెండు చక్రములకు మాత్రము ఆ స్వాతంత్ర్యము లేదు. ఇంజను త్రిప్పని చక్రములను విడివిడిగా దొర్లనిచ్చిన చాలును. త్రిప్పవలసిన చక్రముల విషయముననే అసలు సమస్య యున్నది: వానికి బలమును అందింపవలెను, వేగమునందు స్వేచ్ఛను కూడ ఈయవలెను. పరస్పర విరుద్ధములుగా కన్పట్టు ఈ రెండు కోరికలను ఒక్క యంత్రముతో తీర్చినవాడు ఒనెసిఫోర్ పెక్కూర్ అను ఫ్రెంచి గడియారపుపనివాడు. ఆవిరిబండికొరకు 1827లో అతడు కల్పించిన ఆ పళ్ళచక్రముల కూర్పునే నేడు డిఫరెన్షియల్ అనుచున్నాము. లారీల వెనుకిరుసు నడుమ కుండవలె ఉబికియుండు ఇనుపతొడుగులో నున్నది అదియే.

దాని ధర్మము రెండు వాక్యములలో చెప్పవచ్చును. రెండు ప్రక్కల చక్రముల వేగములు ఎట్లు మారినను వాని సగటు మాత్రము ఇంజను త్రిప్పుచున్న పెద్దచక్రపు వేగమునకు సమానముగా నుండును. రెండు ప్రక్కలకును పోవు తిప్పుబలము, మెకానిక్కులు టార్కు అనునది, ఎల్లప్పుడును సమానము. ఈ రెండవ ధర్మమే దాని గుణము, దోషము కూడ. ఎడమచక్రము బురదలో పడి పట్టు కోల్పోయినచో దానికి అవసరమగు బలము మిక్కిలి అల్పమగును. సమానత్వనియమమువలన గట్టినేలపై నున్న కుడిచక్రమునకును ఆ యల్పబలమే దక్కును. బండి కదలదు, బురదలోని చక్రము మాత్రము రేగడిని చిమ్ముచు గిరగిర తిరుగుచుండును. వానకాలమున పొలముబాటలయందు ఇట్టి దృశ్యమును చూడనివా రుండరు.

రెండు చక్రములకు బదులు నాలుగు త్రిప్పినచో ఆపద తగ్గునను ఆలోచన సహజముగనే పుట్టినది. బ్రామా జోసెఫ్ డిప్లాక్ అను ఆంగ్లేయుడు ఆవిరియంత్రముతో నడచు లాగుడుబండికి 1893లో అట్టి పేటెంటు పొందెను. డచ్చి దేశమున స్పైకర్ సోదరులు 1903లో నిర్మించిన పందెపుకారునకు నాలుగు చక్రముల చోదనమే కాదు, నాలుగింటికి బ్రేకులును ఆరు సిలిండర్ల యింజనును కూడ ఉండెను. ఆ కారిప్పుడు హేగ్ నగరములోని లౌమన్ ప్రదర్శనశాలలో నున్నది. ఇట్టి బండికి సిద్ధాంతరీత్యా మూడు డిఫరెన్షియళ్ళు కావలెను: ముందిరుసున ఒకటి, వెనుకిరుసున ఒకటి, ఆ రెండిరుసుల నడుమ మూడవది. పైన వేసిన లెక్కలో ముందుచక్రముల సగటు దారి వెనుకచక్రముల సగటు దారికన్న సుమారు 9 శాతము పొడవుగా నున్నది గదా. ఆ తొమ్మిది శాతమును సర్దుటయే ఈ మూడవదాని పని.

1941 మొదలు యుద్ధభూములకు వేలకొలదిగా బయలుదేరిన విల్లీస్ జీపులో ఈ మూడవది లేదు. సైన్యమునకు కావలసినది చవుక, తేలిక, బురదలో నిలువని పట్టుదల. కనుక నడిమి గేరుపెట్టెలో ఒక మీట నుంచి, దానిని లాగినప్పుడు ముందు వెనుక షాఫ్టులు రెండును ఒక్కటిగా ముడిపడునట్లు చేసి ఊరకుండిరి. మట్టిలోను ఇసుకలోను ఇది చక్కగా పనిచేయును. ఏలయన, ఎక్కువ నడువవలసిన ముందుచక్రము మెత్తని నేలమీద కొంచెము జారి తన లెక్కను తానే సరిచేసికొనును. గట్టి తారురోడ్డుమీద అట్లు జారుటకు వీలులేదు. షాఫ్టులు మెలితిరుగును, గేర్లపళ్ళు ఒకదానినొకటి బిగియబట్టును, చేతిలో స్టీరింగు బరువెక్కును, మెలి భరింపరానంత యైనప్పుడు ఏదో యొక టైరు ఒక్కసారి నేలను విడిచి కుప్పించినట్లు జారి మరల పట్టుకొనును. ఆ జారిన ప్రతిసారియు తారు రబ్బరును గీసివేయును. 1947 నుండి మహీంద్రా సంస్థ ఈ జీపులను మనదేశమున కూర్చనారంభించినది. పాడేరు, అరకు ఘాటులలో ఆ జాతిబండ్లు నడిపిన పాతడ్రైవర్లు ఫోర్‌వీల్ మీటను బురద దాటగనే వెనుకకు నెట్టివేయుట భౌతికశాస్త్రము చదివి నేర్చినది కాదు. నెట్టనివాని టైర్లు ఎన్నాళ్ళు వచ్చునో వారు చూచియుండిరి.

జర్మనీదేశపు ఆడి సంస్థ తన క్వాట్రో కారును 1980లో జెనీవా ప్రదర్శనకు తెచ్చుటకు ముందు జరిగినదని చెప్పుకొను కథ యొకటి ఈ సందర్భమున ముచ్చటైనది. యోర్గ్ బెన్సింగర్ అను ఇంజనీరు, 75 గుర్రముల శక్తి మాత్రమే గల ఇల్టిస్ అను సైనికవాహనము మంచుదారిలో తమ బలమైన కార్లను సైతము వెనుకకు నెట్టుట చూచి, అదే పద్ధతిని మామూలు కారునందు ప్రవేశపెట్టవలెనని పట్టుబట్టెను. తొలి నమూనాకారునకు నడిమి డిఫరెన్షియల్ లేదు. ఫోక్స్‌వాగన్ సంస్థలో పరిశోధనాధికారియైన ఎర్నెస్ట్ ఫియాలా దానిని వియెన్నాకు కొనిపోగా, ఆయన భార్య ఆ కారులో అంగళ్ళకు పోయి, ఇరుకుచోట నిలుపబోయినప్పుడు ఈ కారు కుప్పించి గంతులిడుచున్నదని ఫిర్యాదు చేసినదట. మంచుపర్వతములపై చేసిన పరీక్షలు బయటపెట్టని లోపమును బజారువీథి బయటపెట్టెను. దానిపై ఇంజనీర్లు గేరుపెట్టెలోని షాఫ్టునొకదానిని బోలుగా చేసి, వెనుకనున్న నడిమి డిఫరెన్షియలునకు శక్తి ఆ షాఫ్టుగుండ పోవునట్లును, అచ్చటినుండి ముందిరుసునకు రావలసిన భాగము ఆ బోలులోపలి మరియొక షాఫ్టుగుండ తిరిగివచ్చునట్లును అమర్చిరి. అదనపు పెట్టె యక్కరలేకయే సమస్య తీరినది. మోటారుకార్ల చరిత్రలో నాకు మిక్కిలి అందముగా తోచు ఉపాయములలో ఇది యొకటి.

నడిమి డిఫరెన్షియల్ రెండువైపులకు సగము సగము పంచవలెనను నియమమేదియు లేదు. నడుమ సూర్యచక్రమును, చుట్టును గ్రహచక్రములను గల కూర్పును వాడినచో, పళ్ళసంఖ్యల నిష్పత్తినిబట్టి కోరిన పంపకము చేయవచ్చును. మన రైతులకు ట్రాక్టరు పేరిట పరిచితుడైన హారీ ఫెర్గూసన్ స్థాపించిన పరిశోధనాసంస్థ రూపొందించిన ఏర్పాటుతో 1966లో వెలువడిన జెన్సన్ ఎఫ్ఎఫ్ కారు ముందిరుసునకు 37 పాళ్ళును, వెనుకిరుసునకు 63 పాళ్ళును పంచెడిది. బండి ముందుకు దూకునప్పుడు బరువు వెనుకకు వాలును గనుక వెనుకకు ఎక్కువ పంపుట న్యాయమే. స్టీరింగుభారమును మోయు ముందుచక్రములకు పనిభారము తగ్గించుటయు న్యాయమే.

నేటి అమ్మకపుపత్రములలో ఇట్టి శాతములు విరివిగా కనబడును. వానిని చదువునప్పుడు జాగ్రత్త యవసరము. పళ్ళనిష్పత్తితో పంచు డిఫరెన్షియలులో ఆ శాతము నిజముగా స్థిరమే. కాని రెండు షాఫ్టులను ఒక్కటిగా బిగించు తాళమో క్లచ్చియో యున్న బండిలో స్థిరమైనది వేగము, బలము కాదు. ముందుచక్రములు పాచిపట్టిన రాతిమీదను, వెనుకచక్రములు పొడినేలమీదను ఉన్నవనుకొనుడు: బిగిసిన షాఫ్టు రెండిటిని సమవేగమున త్రిప్పును, పాచిమీద నిలువని బలమంతయు వెనుకకు పోవును, పత్రమున 50:50 అని వ్రాసియున్నను అప్పటి వాస్తవ పంపకము దాదాపు 0:100. అట్టి బండిలో పంపకమును నిర్ణయించునది కర్మాగారము కాదు, చక్రము క్రింది నేల.

ఇటీవలి కార్లలో అత్యధికము ఈ రెండవజాతికి చెందినవే. 1998లో ఆడి టీటీ వంటి కార్లతో ప్రచారములోనికి వచ్చిన హాల్డెక్స్ కప్లింగునందు నూనెలో మునిగిన పలుచని క్లచ్చిపలకల దొంతర యుండును. మామూలు దారిలో ముందుచక్రములే బండిని లాగును. అవి జారనారంభించినను, జారునని కంప్యూటరు ముందుగా ఊహించినను, నూనెపీడనము పలకలను అదిమి వెనుకిరుసును పనిలోనికి దింపును. పెట్రోలు ఆదా, ధర తక్కువ, కొనువానికి చేతితో లాగవలసిన మీటయు లేదు. ఐతే పలకలు రాపిడిమీద బ్రదుకునవి. ఈ సంగతి కొంచెమాగి మరల పనికివచ్చును.

ఇక టైర్ల మాట. టైరు నేలను తాకు మేర ఒక్కొక్క చక్రమునకు అరచేయంత మాత్రమే యుండును. బండిని ముందుకు నెట్టుటకు ఆ మేరలోని రబ్బరుదిమ్మలు నేలను వెనుకకు త్రోసి, తాము సాగి, నేలను విడుచు క్షణమున కొంచెము జారి యథాస్థితికి వచ్చును. అరుగుదల యంతయు ఆ కొంచెములోనే యున్నది. బలము పెరిగిన కొలది జారుడును పెరుగును. రాపిడివలన వ్యయమగు శక్తి బలమును జారుడును గుణించినంత. కనుక బలము రెట్టింపైనప్పుడు అరుగుదల రెట్టింపు గాక ఇంచుమించు నాలుగురెట్లగును. జారుచు దొర్లు చక్రముల అరుగుదలను గూర్చి షాలమాక్, టర్నర్ అనువారు 1960లో ప్రకటించిన విచారణ ఈ దారిలో మొదటి గట్టిమెట్టు. తరువాతివారు ఉష్ణము, రోడ్డుగరుకు, రబ్బరుపాకము మున్నగువానిని చేర్చి సూత్రమును దిద్దిరి గాని, బలముకన్న అరుగుదల వేగముగా పెరుగునను ప్రధానాంశము నిలిచియే యున్నది.

ఈ వర్గసంబంధమునుండి నాలుగు చక్రముల చోదనమునకు అనుకూలమైన ఫలితమొకటి వెంటనే పుట్టుచున్నది. పదునైదు అడుగులకు ఒక అడుగు ఎత్తగు ఘాటును 1,600 కిలోల కారు ఎక్కుటకు గాలి, దొర్లుడు నిరోధములు గాక సుమారు 1,050 న్యూటన్ల బలము కావలెను. ముందు రెండు చక్రములే దానిని మోసినచో ఒక్కొక్కదాని అరుగుదలను ఒక పాలుగా లెక్కించిన మొత్తము రెండు పాళ్ళు. నాలుగు మోసినచో ఒక్కొక్కదాని బలము సగము, అరుగుదల పావు. పావులు నాలుగు కలిసి ఒక్క పాలు. మొత్తము రబ్బరు సగము మిగులును, ముందుటైరునకైతే ముప్పాతిక భాగము మిగులును.

మరియొక లాభము చేతితో తడిమి చూడదగినది. లాగని చక్రము బ్రేకు వేసినప్పుడు మాత్రమే నేలతో పెనుగులాడును గనుక దాని రబ్బరుదిమ్మలు ఎప్పుడును ఒకే దిక్కునకు గీసికొని, ఒక్కొక్క దిమ్మ ఒక అంచున ఎత్తుగాను రెండవ అంచున పల్లముగాను రంపపుపళ్ళవలె తయారగును. అట్టి టైరును అరచేత ముందుకు నిమిరిన నునుపుగాను, వెనుకకు నిమిరిన కరకుగాను తోచును. కారు వేగమందుకొన్నప్పుడు వెనుకనుండి వినవచ్చు గుయ్యిమను శబ్దమును బేరింగుది యని భ్రమించి బేరింగులు మార్పించినవా రనేకులు కలరు. లాగు చక్రమునందు చోదనము ఒక దిక్కునకును, బ్రేకు మరియొక దిక్కునకును గీయుటచే దిమ్మలు చాలవరకు సమముగా అరుగును. నాలుగును లాగునప్పుడు ఈ సమత నాలుగింటికిని కలుగును.

ఇంతవరకు విన్న పాఠకుడు నాలుగు చక్రముల కారు టైర్లు రెట్టింపుకాలము వచ్చునని తలచినచో ఆశాభంగము తప్పదు. సమతలమైన రహదారిమీద స్థిరవేగమున పోవునపుడు చోదనబలము స్వల్పము, దానివలని అరుగుదల మరింత స్వల్పము. టైర్లను తినునది ముఖ్యముగా మలుపు, బ్రేకు, గాలి తక్కువతనము, ఎలైన్‌మెంటు తప్పిన ఇరుసు. బ్రేకు ప్రతికారునందును నాలుగు చక్రములకే యున్నది. ఆపుటలో ఈ బండికి విశేషమేమియు లేదు. మిచిగన్, మినసోటా మంచుప్రాంతములలో కాపురముండు మన తెలుగువారికి ఈ సంగతి మరింత ముఖ్యము: అట్టి కారు మంచులో బయలుదేరుటకు సాయపడును గాని ఆగుటకు సాయపడదు, ఆపునది టైరు. పైగా అదనపు షాఫ్టులు, గేర్లు, తొడుగులు కలిసి బండిబరువును 50 నుండి 100 కిలోల వరకు పెంచును. ఇంజను ముందుండి, స్టీరింగు ముందుండి, బ్రేకుభారములో అధికభాగము ముందే పడుటచే, శక్తి ఎట్లు పంచినను ముందుటైర్లే త్వరగా అరుగును.

అసలు చిక్కు ఇక్కడ పుట్టుచున్నది. టైర్లు అసమముగా అరుగుట రెండు చక్రముల కారునందు టైర్ల ఖర్చునకు సంబంధించిన మాట; నాలుగు చక్రముల కారునందు అది యంత్రపు ఆయుస్సునకు సంబంధించిన మాట. ఏలయన, అరిగిన టైరు చిన్నచక్రము. 215/60 ఆర్17 కొలతగల క్రొత్తటైరు వ్యాసము సుమారు 690 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2,167. కిలోమీటరునకు 461 చుట్లు తిరుగును. దాని గాళ్ళలోతు 8 మిల్లీమీటర్లనుండి 3కు తగ్గినచో చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు తగ్గి, కిలోమీటరునకు దాదాపు 468 చుట్లు తిరుగవలసియుండును. ఉక్కుతీగల పట్టీ గల రేడియల్ టైర్లలో వాస్తవభేదము ఈ లెక్కకన్న కొంత తక్కువ యగును గాని పూర్తిగా పోదు. వెనుక అరిగిన జతను ఉంచి ముందు మాత్రమే క్రొత్తజతను వేయించి హైదరాబాదునుండి 275 కిలోమీటర్ల విజయవాడకు పోయినచో, దారి యంతయు సూటిగనే యున్నను, వెనుకిరుసు ముందిరుసుకన్న సుమారు 1,900 చుట్లు ఎక్కువ తిరుగును.

ఆ 1,900 చుట్లు ఎక్కడికి పోవలెను? నడుమ డిఫరెన్షియల్ ఉన్నచో, మలుపులలో మాత్రమే పనిచేయుటకు పుట్టిన చిన్నగేర్లు విశ్రాంతి లేక దారిపొడుగున తిరుగుచుండును. అవి మెల్లగా అరుగును. సిలికోను ద్రవముతో పనిచేయు కప్లింగునందు ద్రవము ఎడతెగని మథనముచే వేడెక్కి, వ్యాకోచించి, పలకలను దాదాపు బిగించివేయును. అప్పుడా కారు తారురోడ్డుమీద ఫోర్‌వీల్ మీట మరచిన జీపువలె ప్రవర్తించును. క్లచ్చిపలకల బండిలో, వేగభేదమును చూచిన కంప్యూటరు చక్రమేదో జారుచున్నదని భ్రమించి పలకలను పదేపదే అదుముచుండును. పలకలు కాలును, నూనె నల్లబడును. మీట వేసి షాఫ్టులు బిగించిన బండిలో నైతే ఆ భేదమంతయు తిరిగి టైర్లమీదనే పడును. అరిగినజత మరింత అరుగును, భేదము ఇంకను పెరుగును.

అందుచేతనే సుబారు సంస్థ తన కార్లలో నాలుగుటైర్ల చుట్టుకొలతల నడుమ పావు అంగుళమునకు, అనగా 6.35 మిల్లీమీటర్లకు మించిన భేదముండరాదని చెప్పుచున్నది. గాళ్ళలోతులో ఒక మిల్లీమీటరు భేదము చుట్టుకొలతలో 6.28 మిల్లీమీటర్ల భేదము. కనుక అనుమతింపబడినది ఒక్క మిల్లీమీటరే. ఇతర సంస్థలు కొన్ని ఇంతకన్న ఉదారముగా నుండును. ఇందువలన కలుగు కష్టము చిన్నది కాదు. సగమరిగిన నాలుగు టైర్లలో ఒకదానిని మేకు చీల్చినచో, న్యాయముగా మార్చవలసినవి నాలుగును. అమెరికాలో కొన్ని అంగళ్ళవారు క్రొత్తటైరును యంత్రముమీద చెక్కి తక్కిన మూడింటి లోతునకు తెచ్చి అమ్ముదురు. మనదేశమున ఆ సౌకర్యము అరుదు. ఒకటి రెండు వేల కిలోమీటర్లు మాత్రమే నడచిన బండికి క్రొత్త స్టెపినీని ఎక్కించినను బాధలేదు. ముప్పదివేలు నడచిన బండికి దానిని ఎక్కించినచో టైరుకొట్టు చేరువరకే నడుపవలెను.

విద్యుత్కార్లు ఈ కథను వేరుదారి పట్టించినవి. ముందిరుసునకొక మోటారు, వెనుకిరుసునకొక మోటారు ఉన్నచో నడుమ షాఫ్టే లేదు. ముడి లేనిచోట మెలి లేదు. ముందు క్రొత్తజత, వెనుక పాతజత యున్నను కంప్యూటరు ఆ భేదమును సులభముగా సర్దుకొనును. దానికి మారుగా, బ్యాటరీబరువును, పెడలును అణచిన తక్షణమే అందు తిప్పుబలమును కలిసి, రబ్బరును పెట్రోలుకారుకన్న త్వరగా తినివేయుచున్నవి.

పెట్రోలు, డీజిలు బండి నాలుగు చక్రములది కలవారికి చెప్పదగిన మాట కొంచెమే కలదు. ఎనిమిది నుండి పదివేల కిలోమీటర్లకొకసారి ముందుటైర్లను వెనుకకు, వెనుకవానిని ముందుకు మార్పించుడు. టైరుప్రక్కన తిరుగుడుదిశను చూపు బాణపుగుర్తున్నచో ఎడమవానిని ఎడమనే, కుడివానిని కుడినే ఉంచుడు. మార్పించిన ప్రతిసారియు నాలుగింటి గాళ్ళలోతును మిల్లీమీటర్లలో కొలిపించి సర్వీసుపుస్తకమున వ్రాయించుడు. చట్టము 1.6 మిల్లీమీటర్లవరకు నడుపనిచ్చును. కాని మీ బండిపుస్తకము నాలుగింటి నడుమ ఎంత భేదమును సహించునో అది మీకు అంతకన్న ముఖ్యమైన సంఖ్య. అంగడివాడు రెండు టైర్లు చాలునని చెప్పునపుడు, డబ్బు చెల్లింపకముందే ఆ పుట తెరచి చూడుడు.